ఎనిమిది దువ్వెనలతో ఒక మండపం: ఫ్రీవెర్బ్‌ను విప్పి మళ్లీ కట్టుకునే పద్ధతి

పాట వింటే పాడినవారు తెలుస్తారు, వాయించినవారు తెలుస్తారు. ఆ గొంతు చుట్టూ వినిపించే గదిని అంకెలతో కట్టినవారు మాత్రం తెలియరు. కంప్యూటర్‌లో ధ్వని ఎఫెక్టులు రూపొందించేవారి పనంతా కొన్ని సంఖ్యల్లో ఉంటుంది: ఎన్ని ఆలస్యాలు, ఒక్కోటి ఎంత, అందులో ఎంత భాగాన్ని మళ్లీ లోపలికి తిప్పాలి. ఆ పని విలువ తెలియాలంటే బటన్లు తిప్పి వింటే సరిపోదు. అవే సంఖ్యలను మన చేత్తో పెట్టి, ఒక్కొక్కటీ కావాలని చెడగొట్టి, ఏం పోయిందో చెవితో పట్టుకోవాలి.

దీనికి ఫ్రీవెర్బ్ అంత మంచి పాఠం మరొకటి లేదు. ఇది రివర్బ్‌ను, అంటే గదిలో శబ్దం గోడలకు తగిలి మిగిలే తోకను, కంప్యూటర్‌లో తయారుచేసే ప్రోగ్రామ్. జెజర్ అనే పేరుతో రాసే ప్రోగ్రామర్ 2000 జూన్‌లో దీన్ని పబ్లిక్ డొమైన్‌లో పెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కోడ్ చాలా చిన్నది. శబ్దాన్ని రికార్డు చేసి ఎడిట్ చేసే ఆడాసిటీలో ఉన్న రివర్బ్ కూడా సాక్స్ అనే ప్రోగ్రామ్ మీదుగా వచ్చిన ఫ్రీవెర్బే. అంటే ఆడాసిటీలో ఒక్కసారైనా రివర్బ్ వేసినవారు ఈ పనిని ఇప్పటికే విన్నారు.

దీని వంశం చిన్నది, తెలుసుకోదగ్గది. 1961లో బెల్ ల్యాబ్స్‌లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, బెంజమిన్ లోగన్ కలిసి కృత్రిమ ప్రతిధ్వనికి దారి వేశారు. 1962లో ష్రోడర్ దాన్ని పక్కపక్కన నాలుగు కోంబ్ ఫిల్టర్లు (శబ్దాన్ని ఆలస్యం చేసి మళ్లీ లోపలికి తిప్పేవి), వాటి తర్వాత వరుసగా రెండు ఆల్‌పాస్‌లు (అన్ని స్వరాలనూ సమానంగా పంపుతూ ప్రతిధ్వనులను చిక్కబరిచేవి)గా కుదిర్చారు. 1979లో జేమ్స్ మూరర్ ఆ కోంబ్‌ల చుట్టు దారిలో పదునైన స్వరాలను తగ్గించే లోపాస్ ఫిల్టర్ పెట్టారు. నిజమైన గదిలో పదునైన స్వరాలు ముందు ఆరిపోతాయి కదా, అది అప్పుడు వచ్చింది. ఫ్రీవెర్బ్‌లో ష్రోడర్ అమరిక, మూరర్ ఫిల్టర్ రెండూ ఉన్నాయి, కాకపోతే కోంబ్‌లు ఎనిమిది, ఆల్‌పాస్‌లు నాలుగు. కోంబ్ అంటే దువ్వెన. దాని ఫ్రీక్వెన్సీ గ్రాఫు గీస్తే అచ్చం దువ్వెన పళ్లలాగే వరుసగా శిఖరాలు లేస్తాయి.

ముందు పొడి శబ్దం

రివర్బ్‌ను పరీక్షించాలంటే దానిలోకి పంపే శబ్దంలో ఏ గదీ ఉండకూడదు. పెంకుటింటి గదిలో రికార్డు చేసిన గొంతుకు రివర్బ్ వేస్తే రెండు గదులు కలిసి వినిపిస్తాయి, ఏది ఎవరిదో తేలదు. గోదావరి డెల్టాలో దీనికి సులువైన మార్గాలున్నాయి. కొబ్బరి తోట మధ్యలో, గోడలకు దూరంగా రికార్డు చేస్తే గది అసలు ఉండదు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు, కాలవ మీద మోటార్లు మొదలవకముందు చేయాలి. గాలి వస్తే ఆకుల గలగల మొత్తం పాడుచేస్తుంది.

ఇంట్లో చేస్తే మండువా లోగిలి మధ్యకు రండి. పైకప్పు లేని చోట సగం శబ్దం ఆకాశానికి పోతుంది. చుట్టూ వసారా గోడల నుంచి వచ్చేదాన్ని ఆపడానికి పత్తి పరుపులు నిలబెట్టండి. కొబ్బరి పీచు పలకలు దొరికితే ఇంకా మంచిది. ఒక పొర ఎంత కింది స్వరం దాకా పనిచేస్తుందో లెక్క కట్టవచ్చు. పావు తరంగం దాని మందానికి సమానం కావాలి. 10 సెంటీమీటర్ల పీచు సుమారు 860 హెర్ట్జ్ నుంచి బాగా పీలుస్తుంది. దాన్ని గోడకు 10 సెంటీమీటర్లు ఎడంగా నిలబెడితే ఆ హద్దు 430 దాకా దిగుతుంది. అందుకే పలకను గోడకు అంటించకూడదు. వర్షాకాలంలో పీచుకు బూజు పడుతుంది, ఎండబెట్టి వాడండి.

మైకు గొంతుకు జానెడు నుంచి మూరెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. సన్నాయికి మీటరు దూరం ఉంచి, గంట నోటికి ఎదురుగా కాకుండా పెట్టాలి. డోలుకు 60 సెంటీమీటర్లు. పెద్ద చోట్ల స్థాయి −12 నుంచి −6 డెసిబెల్స్ మధ్య ఆడాలి, 0ని తాకితే ఆ టేకు పనికిరాదు. పరీక్షకు అన్నింటికంటే పనికొచ్చేది చెక్క చిడతలు. ఒక్క దెబ్బకు అన్ని ఫ్రీక్వెన్సీలూ వస్తాయి, రివర్బ్‌లో లోహపు వాసన ఏమాత్రం ఉన్నా చిడతలే ముందు పట్టిస్తాయి.

తేమ విషయం మరచిపోవద్దు. కండెన్సర్ మైకు చిటపటలాడితే చాలాసార్లు అది చెడిపోయి కాదు, క్యాప్సూల్‌కు తేమ పట్టి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఒక రాత్రి ఉంచి చూడండి. "గుం" అనే హమ్ 50 హెర్ట్జ్‌లో వస్తే కరెంటు దారిలోది. లాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డు చేస్తే చాలావరకు పోతుంది. చతురస్రపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్ మీద నడిపితే 50తో పాటు దాని గుణిజాల్లో కూడా బుయ్యిమంటుంది. అలాంటప్పుడు కరెంటు వచ్చేదాకా ఆగడమే మేలు.

కోంబ్ కట్టడం

మిల్లర్ పకెట్ 1990లలో రాసిన ప్యూర్ డేటా ఉచితం, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఇందులో పెట్టెలను తీగలతో కలపడమే ప్రోగ్రామింగ్. ఇక్కడ తెలుగులో రాసిన పెట్టెల పేర్లను అక్కడ ఆంగ్ల స్పెల్లింగులో, చిన్న అక్షరాల్లో, టిల్డా (~) గుర్తుతో సహా టైప్ చేయాలి. ఆడియో సెట్టింగులో శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్లు (శబ్దపు కొలతలు) ఉండాలో, 44100 పెట్టండి.

కొత్త ఫైల్ తెరిచి దానికి కోంబ్ అని పేరు పెట్టి సేవ్ చేయండి. లోపల కావలసినవి: ఒక ఇన్‌లెట్~ (inlet~), ఒక డెల్‌రైట్~ (delwrite~), ఒక డెల్‌రీడ్~ (delread~), ఒక లాప్~ (lop~), ఒక *~, ఒక అవుట్‌లెట్~ (outlet~). ఇన్‌లెట్ నుంచి డెల్‌రైట్‌కు తీగ వేయండి. డెల్‌రీడ్ నుంచి రెండు తీగలు: ఒకటి నేరుగా అవుట్‌లెట్‌కు, రెండోది లాప్‌కు. లాప్ నుంచి *~కు, *~ నుంచి తిరిగి డెల్‌రైట్‌కు. డెల్‌రైట్‌కు వచ్చే రెండు తీగలను ప్యూర్ డేటా తనే కూడుతుంది.

డెల్‌రైట్‌కు పేరు $0-సి, నిడివి 50 మిల్లీసెకన్లు. డెల్‌రీడ్‌కు అదే పేరు, ఆలస్యం $1, అంటే కోంబ్ పెట్టెలో పేరు పక్కన మీరు ఇచ్చే సంఖ్య. ఆ $0 చాలా ముఖ్యం. అది కోంబ్ ఫైల్ ఒక్కో కాపీకీ వేరే సంఖ్య ఇస్తుంది. అది వేయకుండా మామూలు పేరు పెడితే ఎనిమిది కోంబ్‌లూ ఒకే ఆలస్యపు గొట్టం కోసం కొట్టుకుంటాయి. "మల్టిప్లై డిఫైన్డ్" అని హెచ్చరిక వస్తుంది, శబ్దం గందరగోళమవుతుంది. మొదటిసారి కట్టేవారిలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

*~లో 0.84 పెట్టండి. ఇది ఫ్రీవెర్బ్ మొదలుపెట్టే విలువ. గది సైజు స్లయిడర్ 0 నుంచి 1 దాకా తిరుగుతుంది, దాన్ని 0.28తో గుణించి 0.7 కలుపుతారు. మధ్యలో ఉంటే 0.84, కొసకు తిప్పితే 0.98. ఒకటి ఎప్పటికీ దాటదు కాబట్టి ఎంత తిప్పినా అదుపు తప్పి అరవదు. వాడేవారి చేతి నుంచి ఎఫెక్టును కాపాడే హద్దులు ఇవి.

లాప్‌లో ఎంత పెట్టాలో చాలామందికి తెలియదు. జెజర్ కోడ్‌లో డ్యాంప్ స్లయిడర్ మధ్యలో ఉంటే పాత విలువకు 0.2, కొత్త విలువకు 0.8 వంతు. ప్యూర్ డేటా లాప్ కూడా ఇదే సూత్రంతో నడుస్తుంది, కాకపోతే దానికి హెర్ట్జ్‌లో చెప్పాలి. 0.8ని 44100తో గుణించి రెండు పైలతో భాగిస్తే 5615. ఆ అంకె పెట్టండి. డ్యాంప్ కొసకు తిప్పినట్టు కావాలంటే 4211.

ఆల్‌పాస్ కూడా ఇలాగే వేరే ఫైల్. డెల్‌రైట్ నిడివి 20 మిల్లీసెకన్లు చాలు. డెల్‌రీడ్ నుంచి ఒక తీగ *~ 0.5 మీదుగా తిరిగి డెల్‌రైట్‌కు. ఇంకో తీగ -~ పెట్టె ఎడమ చెవికి (పెట్టె పైన తీగ లోపలికి వెళ్లే చోటికి). ఇన్‌లెట్ నుంచి ఒక తీగ డెల్‌రైట్‌కు, ఒక తీగ -~ కుడి చెవికి. -~ నుంచి అవుట్‌లెట్. ఆలస్యమై వచ్చినదానిలోంచి ఇప్పుడు వచ్చినదాన్ని తీసేస్తున్నామన్నమాట. నిజం చెప్పాలంటే లెక్క ప్రకారం ఇది పూర్తి ఆల్‌పాస్ కాదు. ఈ సూత్రానికి అన్ని స్వరాలూ సమానంగా పోవాలంటే ఆ 0.5 స్థానంలో 0.618 ఉండాలి. 0.5 దానికి దగ్గర, అంతే. రెండూ మార్చి మార్చి పెట్టి విని చూడండి.

ఇప్పుడు అసలు సంఖ్యలు. మిల్లీసెకన్లలో కోంబ్‌లు: 25.306, 26.939, 28.957, 30.748, 32.245, 33.810, 35.306, 36.667. ఆల్‌పాస్‌లు: 12.608, 10.000, 7.732, 5.102. జెజర్ వీటిని శాంపిళ్లలో రాశారు. మొదటిది 1116, చివరి కోంబ్ 1617. మిల్లీసెకన్లలోకి మార్చుకోవడానికి కారణం ఉంది. శాంపిళ్లను అలాగే ఉంచి ప్రాజెక్టును 48000లో నడిపితే ఆలస్యాలన్నీ 8 శాతం కురచవుతాయి, గది చిన్నదైపోతుంది. వేరేవాళ్లు మార్చి రాసిన ప్రోగ్రాముల్లో ఈ పొరపాటు జరగడానికి చాలా వీలుంది.

ఎనిమిది కోంబ్‌లను పక్కపక్కన పెట్టి అన్నింటికీ ఒకే శబ్దం పంపండి. వాటి బయటి తీగలన్నీ మొదటి ఆల్‌పాస్‌లో కలవాలి. అక్కడి నుంచి నాలుగూ ఒకదాని వెనక ఒకటి. ఇది వినేవారి ఎడమ చెవికి. కుడి చెవికి ఇదే మొత్తం మళ్లీ కట్టి, పన్నెండు ఆలస్యాలకూ 0.522 మిల్లీసెకన్లు, అంటే 23 శాంపిళ్లు కలపండి.

లోపలికి పంపేముందు శబ్దాన్ని బాగా తగ్గించాలి. ఒక కోంబ్ కొన్ని స్వరాలను 1/(1−0.84), అంటే 6.25 రెట్లు పెంచుతుంది. ఎనిమిదీ ఒకేసారి అలా కలిస్తే 50 రెట్లు. అందుకే జెజర్ రెండు ఛానెళ్లనూ కలిపి 0.015తో గుణించారు. మీ శబ్దం మోనో అయితే 0.03. ఇది పెట్టకుండా హెడ్‌ఫోన్ తగిలించుకోవద్దు, చెవికి ప్రమాదం.

కుదిరిందో లేదో చూడటం

ఆడాసిటీలో 6 సెకన్ల నిశ్శబ్దం తయారుచేసి, చుక్కలు విడివిడిగా కనిపించేదాకా జూమ్ చేసి, పెన్సిల్ టూలుతో 1 సెకను దగ్గర ఒక్క చుక్కను పైకి లాగండి. 24 బిట్‌లో, 44100లో వావ్‌గా దాచండి. దీన్ని రీడ్‌ఎస్‌ఎఫ్~ (readsf~)తో వాయించి, రైట్‌ఎస్‌ఎఫ్~ 2 (writesf~ 2)తో రికార్డు చేయండి: ఎడమ ఛానెల్‌లో క్లిక్, కుడి ఛానెల్‌లో ఎడమ చెవి రివర్బ్. రెండూ ఒకే ఫైల్‌లో ఉంటాయి కాబట్టి తేడా నేరుగా కొలవవచ్చు.

క్లిక్ తర్వాత సరిగ్గా 1116 శాంపిళ్లకు, అంటే 25.3 మిల్లీసెకన్లకు మొదటి పొడుపు రావాలి. అది పైకే లేవాలి. నాలుగు ఆల్‌పాస్‌లలో నాలుగుసార్లు మైనస్ పడి మళ్లీ ప్లస్ అవుతుంది. అది కిందికి దిగితే ఏదో ఒక ఆల్‌పాస్‌లో -~ చెవులు తారుమారయ్యాయి. దానికంటే ముందే ఏమైనా కనిపిస్తే ఆలస్యం లేకుండా ఒక తీగ నేరుగా పోతోంది. అసలు శబ్దమే లేకుండా "డీఎస్పీ లూప్" అని వస్తే తిరుగు తీగ డెల్‌రైట్‌కు కాకుండా ఇంకెక్కడికో తగిలింది.

రీడ్‌ఎస్‌ఎఫ్ శాంప్లింగ్ రేటు మార్చదు. ఫోన్‌లో 48000లో తీసిన సన్నాయిని ఇక్కడ వాయిస్తే శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం కిందికి దిగుతుంది. ముందు ఆడాసిటీలో 44100కు మార్చుకోండి. ఇంకో సంగతి: ప్యూర్ డేటా 64 శాంపిళ్ల ముద్దలుగా పనిచేస్తుంది కాబట్టి ఇలా తిరిగే ఆలస్యం 1.45 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. మన సంఖ్యలన్నీ దానికి పైనే ఉన్నాయి. ష్రోడర్ అసలు రూపాన్ని కూడా కట్టాలనుకుంటే ఆయన ఆల్‌పాస్‌లు 5, 1.7 మిల్లీసెకన్లు, గుణకం 0.7. ఆ 1.7 కొద్దిలో బయటపడుతుంది.

చెడగొట్టి వినడం

ముందు నాలుగు ఆల్‌పాస్‌లనూ తీసేసి చిడతలు పంపండి. పొడిపొడిగా, ఇనపరేకు మీద వాన పడినట్టు వినిపిస్తుంది. లెక్క చూస్తే ఎనిమిది కోంబ్‌లు కలిసి సెకనుకు సుమారు 260 ప్రతిధ్వనులే ఇస్తాయి. విడివిడి చప్పుళ్లుగా చెవికి తెలియకుండా ఉండాలంటే సెకనుకు 1000 దాకా కావాలని ష్రోడర్ చెప్పారు. ఆల్‌పాస్‌లు ఒక్కో పొడుపునూ పలు పొడుపులుగా పగలగొట్టి ఆ హద్దు దాటిస్తాయి. ఒక్కొక్కటిగా తిరిగి పెడుతూ వినండి. మూడోదానికి చిడతల తోక నునుపుగా మారడం తెలుస్తుంది.

తర్వాత ఎనిమిది కోంబ్‌లకూ 25.306 పెట్టండి. ఏ శబ్దం పంపినా దాని కింద 39.5 హెర్ట్జ్ బొంగురు ఒకటి నిలబడుతుంది. గది పోయి గొట్టం వచ్చింది. కోంబ్ సంఖ్యలన్నీ వేరువేరుగా ఉండాలని దీంతో అర్థమవుతుంది. ప్రధాన సంఖ్యలే వాడాలని చాలాచోట్ల రాస్తారు. జెజర్ ఎనిమిది కోంబ్‌లలో 1277 ఒక్కటే ప్రధాన సంఖ్య. 1116, 1188 రెండూ 36తో పోతాయి. కాబట్టి మొదటిదాని 33వ చుట్టు, రెండోదాని 31వ చుట్టు 0.835 సెకను దగ్గర ఒకేచోట పడతాయి. 0.84 దగ్గర అప్పటికి ఆ పొడుపులు 50 డెసిబెల్స్ దాకా దిగిపోయి ఉంటాయి, ఎవరికీ వినపడవు. 0.98 దగ్గర మాత్రం 6 డెసిబెల్స్ కంటే ఎక్కువ దిగవు.

గది సైజును కొసకు తిప్పితే ఫ్రీవెర్బ్ లోహంలా మోగుతుందని అందరూ చెప్పే ఫిర్యాదుకు అసలు మూలం ఇంకా లోతుగా ఉంది. ఎనిమిది కోంబ్‌ల ఆలస్యాలు కూడండి: 11024 శాంపిళ్లు, అంటే పావు సెకను. ఈ మొత్తమే ఆ రివర్బ్‌లో హెర్ట్జ్‌కు ఎన్ని మోగే స్వరాలు ఉంటాయో చెబుతుంది. సగటున 4 హెర్ట్జ్‌కు ఒకటి. ఒక్కో స్వరం వెడల్పు 2.2ను ఆరే కాలంతో (శబ్దం 60 డెసిబెల్స్ దిగడానికి పట్టే సమయంతో) భాగిస్తే వస్తుంది. 0.84 దగ్గర ఆరే కాలం 1 నుంచి 1.45 సెకన్లు, వెడల్పు 1.5 నుంచి 2.2 హెర్ట్జ్. పక్కపక్క స్వరాల అంచులు కాస్త కలుస్తాయి, చెవి ఊరుకుంటుంది. 0.98 దగ్గర ఆరే కాలం 8.6 నుంచి 12.5 సెకన్లు, వెడల్పు సుమారు 0.18 నుంచి 0.25 హెర్ట్జ్ మాత్రమే. 4 హెర్ట్జ్‌ల ఎడంతో సన్నని తీగల్లా ఒక్కొక్కటీ విడిగా మోగుతాయి. వీణ తంత్రుల సంఖ్య పెంచకుండా ఒక్కో తంత్రిని మాత్రం ఎక్కువసేపు మోగించినట్టు. కాబట్టి పొడుగు తోక కావాలంటే స్లయిడర్ తిప్పకుండా కోంబ్‌లు పెంచండి. పదహారు కోంబ్‌లతో కట్టి 0.95 పెట్టి వినండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

చివరిగా కుడి చెవి 0.522ను 0 చేయండి. రెండు చెవుల్లో ఒకటే వచ్చి గది తలలోపలికి ముడుచుకుంటుంది. 23 శాంపిళ్లు అంత చిన్న సంఖ్య, దాని పని అంత పెద్దది.

మన మండపంతో పోల్చడం

పంచారామాల్లో నాలుగు పాత ఉభయ గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి: ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం గునుపూడి, పాలకొల్లు. రాతి మండపం ఎలా మోగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోట్లు దొరకవు. ఆలయ సిబ్బందిని అడిగి, భక్తులు లేని వేళ, ఒకటి రెండు చప్పట్లు చాలు. గుడి దాకా వెళ్లలేకపోతే ఖాళీగా ఉన్న ధాన్యం గోదాము, పి.గన్నవరం అక్విడక్టు కమానుల కింద కూడా బాగానే ఉంటుంది. ఫోన్‌తో తీస్తే నాయిస్ తగ్గించే, స్థాయిని తనంతట తాను సర్దే సెట్టింగులు తప్పనిసరిగా ఆపండి. అవి మనకు కావలసిన తోకనే కోసేస్తాయి.

ఆడాసిటీలో ట్రాక్‌ను డెసిబెల్ చూపులో పెట్టండి. చప్పట్ల శిఖరం నుంచి 5 డెసిబెల్స్ దిగినచోట మొదలుపెట్టి 25 దిగినచోటికి ఎంత సమయమో కొలిచి మూడుతో గుణిస్తే ఆరే కాలం. పంకాల చప్పుడు శిఖరానికి కనీసం 35 డెసిబెల్స్ కింద ఉంటేనే ఈ కొలతను నమ్మవచ్చు.

ఆ కాలాన్ని కోంబ్ గుణకంగా మార్చడానికి: ఆలస్యాన్ని సెకన్లలో 3తో గుణించి ఆరే కాలంతో భాగించండి. వచ్చినదానికి మైనస్ పెట్టి 10కి ఘాతంగా వేయండి. 2 సెకన్ల మండపానికి మొదటి కోంబ్‌కు 0.916, చివరిదానికి 0.881 వస్తుంది. ఫ్రీవెర్బ్ అన్నింటికీ ఒకే గుణకం వేస్తుంది కాబట్టి పొట్టి కోంబ్‌లు ముందు ఆరిపోయి పొడుగువి మిగులుతాయి. ఒక్కోదానికి దాని గుణకం ఇస్తే అన్నీ కలిసి ఆరుతాయి. గుడి తోకకు ఇదే దగ్గరగా ఉంటుంది.

అయినా మొదటి క్షణం గుడిలా అనిపించదు. మీటరున్నర దూరంలో ఉన్న స్తంభం నుంచి తిరిగి రావడానికి శబ్దానికి సుమారు 8.6 మిల్లీసెకన్లు చాలు. ఫ్రీవెర్బ్ 25 దాకా నోరు విప్పదు. విడిగా ఒక డెల్‌రైట్ పెట్టి 6, 8.6, 13, 19 మిల్లీసెకన్ల దగ్గర నాలుగు డెల్‌రీడ్‌లు, 0.5 నుంచి 0.2 దాకా తగ్గే గుణకాలతో కలపండి. కొలిచిన దూరాలుంటే వాటినే వాడండి.

దీన్ని భజనకో హరికథకో మైకు సెట్టులో వాడదలిస్తే, గుడి లోపల అసలు వేయకండి. అక్కడ రాయే ఆ పని చేస్తోంది, ఇంకొకటి కలిస్తే మాటలు ముద్దవుతాయి. బయట పందిట్లో మాత్రం పనికొస్తుంది. గది సైజు 0.3 దగ్గర, తడి శబ్దం (రివర్బ్ పడినది) పొడిదానిలో పదో వంతు ఉంచి మొదలుపెట్టండి. కోంబ్‌ల శిఖరాలు కొన్ని స్వరాలను పెంచుతాయి కాబట్టి మామూలుగా కుయ్యిమనని మైకు కూడా ఇప్పుడు కుయ్యిమంటుంది. అలా మొదలైతే మొత్తం వాల్యూమ్ తగ్గించకండి, తడి స్లయిడర్ ఒక్కటే దించండి. గొంతు బలం పోకుండా అరుపు ఆగుతుంది.